ఆరో నంబరు, పదకొండో నంబరు

మైలో కోవార్ నోట్లో పై కోరపళ్లు రెండూ లేవని ఇన్సూరెన్స్ కంపెనీ వాళ్లు ఉత్తరం రాశారు. ఉన్నాయని డాక్టరమ్మ చెబుతోంది. ఎక్స్-రే చెబుతోంది. మైలో అయితే ఎడమ పక్కది రెండు రాత్రులుగా సలిపేస్తోందని దవడ పట్టుకుని మరీ చెబుతున్నాడు. లేని పన్ను సలుపుతుందా ఎక్కడైనా? కానీ కంపెనీ వాళ్లకి ఆ గోలేమీ పట్టదు. వాళ్ల రికార్డులో లేదంటే లేనట్టే.

ఆర్లీన్ పెచినోవ్‌స్కీ ఆ ఉత్తరం రెండుసార్లు చదివి, కళ్లజోడు తీసి బల్ల మీద పడేసింది. నలభై రెండేళ్లుగా అదే పళ్ల డాక్టరు ఆఫీసులో, అదే కిటికీ పక్కన కూర్చుని, వ్లాడిన్ ఊరివాళ్ల పళ్లకి క్లెయిములు రాస్తోందామె. ఏ పనికి ఏ కోడు వేయాలో, ఏ కంపెనీ ఏ మాట రాస్తే డబ్బిస్తుందో, ఏ మాట రాస్తే మొండికేస్తుందో ఆమెకి కంఠతా వచ్చు. జూన్ ఆఖరుకి రిటైరవుతోంది. ఇంకా ఏడు వారాలే ఉంది.

“పోయే ముందు ఇదొకటి తగలాలా నాకు” అని గొణుక్కుంది.

మైలోది మామూలు పళ్ల సెట్టు కాదు. మామూలుగా అయితే పాడైన పళ్లు పీకేసి, చిగురు మీద సెట్టు కూర్చోబెట్టి, కొక్కేలతో పక్క పళ్లకి తగిలిస్తారు. మైలోకి అలా చేయలేదు. పై వరసలో ఆరో నంబరు, పదకొండో నంబరు, అంటే కుడి కోరపన్ను, ఎడమ కోరపన్ను, ఆ రెండింటినీ చిగురు దాకా కోసేసి వేళ్లు మాత్రం లోపలే ఉంచారు. వాటికి చిన్న బంగారు టోపీలు తొడిగారు. ముందుపళ్ల సెట్టు వచ్చి ఆ టోపీల మీద కూర్చుంటుంది. కింద వేళ్లున్నాయి కాబట్టి దవడ ఎముక అరిగిపోదు, సెట్టు కదలదు. సెట్టు కదలకపోవడం ఇంకెవరికైనా సౌకర్యం. మైలోకి మాత్రం అదే బతుకు, ఎందుకంటే అతను ట్రంపెట్ ఊదుతాడు, ట్రంపెట్ మూతి సరిగ్గా అక్కడే నొక్కుకుంటుంది.

ఊరి బ్యాండులో యాభై ఏళ్లుగా ఊదుతున్నాడు. పెళ్లిళ్లలో పోల్కా డాన్సు పాటలు, చర్చి తిరునాళ్లలో మార్చింగు పాటలు, మిలిటరీలో పనిచేసినవాళ్లెవరైనా పోతే శ్మశానంలో ఆఖరి పాట. ఆ ఆఖరి పాట ఊదడానికి చుట్టుపక్కల నాలుగు ఊళ్లకీ ఇప్పుడు మైలో ఒక్కడే మిగిలాడు. మిగతాచోట్ల టేపు రికార్డరు పెట్టి కానిచ్చేస్తున్నారు.

ఈ వసంతంలో ఎడమ పక్క టోపీ ఊడింది. కింద వేరు పుచ్చడం మొదలైంది. డాక్టర్ కెల్సీ బ్రాంట్ చూసి, వారంలోపు వేళ్లకి వైద్యం చేసి కొత్త టోపీలు వేసి కొత్త సెట్టు పెడితే ఇంకో ఇరవై ఏళ్లు నడుస్తుందని చెప్పింది. మైలో ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైనవాడు. అతని ప్లానులో ఇలాంటి సెట్టుకి ఇప్పుడు కోడుంది, డబ్బూ ఇస్తారు. కంపెనీ ఇవ్వనంటే మూడు వేల రెండు వందల డాలర్లు చేతినుంచి పెట్టుకోవాలి. నిరుడు వడగళ్ల వానకి ఇంటి పైకప్పు పోయి ఉన్నదంతా దాని మీద పెట్టేశాడు. ఎవరైనా సాయం చేస్తామంటే కస్సుమంటాడు. కాబట్టి అతనే తేల్చేశాడు: శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి వస్తాను, కంపెనీ ఒప్పుకుంటే వైద్యం చేయండి, లేదంటే రెండు వేళ్లూ పీకి మామూలు సెట్టు పెట్టేయండి, దానికైతే ఇస్తామన్నారుగా అని.

పీకితే ఇక ట్రంపెట్ లేనట్టే. ఆ సంగతి అతనికీ తెలుసు, ఆర్లీన్‌కీ తెలుసు.

సోమవారం మధ్యాహ్నం మైలో కూతురు చేసిన రుబార్బ్ కొలాచీలు, అంటే పుల్లటి కాడల జాము పెట్టిన బన్నులు, డబ్బాలో పెట్టుకుని వచ్చాడు.

“ఏమ్మా ఆర్లీన్, బతికే ఉన్నాయా నా పళ్లు? కంపెనీ వాళ్లు పూడ్చిపెట్టేశారా?”

“ఎక్స్-రే పంపానుగా. అది నీది కాదంటున్నారు. వేరే ఎవరి నోరో అయ్యుంటుందట.”

“ఇంత అందమైన నోరు ఇంకెవరికుందట?”

“నవ్వకు. నాకు ఒళ్లు మండిపోతోంది. రేపు మళ్లీ ఫోన్ చేస్తాను. నువ్వు తొందరపడి పీకించుకోకు.”

మైలో డబ్బా బల్ల మీద పెట్టి దవడ మీద చెయ్యి వేసుకున్నాడు. నవ్వు తగ్గింది. “డెబ్భై రెండొచ్చాయి. ఎన్నాళ్లని ఊదుతానులే. పీకేస్తే ఒక గొడవ వదిలిపోతుంది” అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆమె వైపు చూడలేదు. ఆర్లీన్ కూడా అతని వైపు చూడకుండా డబ్బా మూత తీసింది. కొలాచీ ఒకటి తీసుకుని కొరికింది, మాట్లాడే పని తప్పించుకోడానికి.

మర్నాడు ఫోన్ పట్టుకుంది. నలభై నిమిషాలు సంగీతం వినిపించాక అవతల ఒక పిల్ల పలికింది. పేరు రోషెల్ అంది. మాట తీరు మెత్తగానే ఉంది.

“మేడమ్, మా రికార్డులో మిస్టర్ కోవార్‌కి ఆరో నంబరు, పదకొండో నంబరు పళ్లు 1989 నుంచి లేవండీ. లేని పంటి వేరుకి వైద్యం చేస్తామంటే మేమెలా ఇస్తాం చెప్పండి?”

“లేవని మీకెవరు చెప్పారమ్మా? ఎవరో గుమస్తా తప్పు ఎక్కించి ఉంటాడు. మీ తప్పు మీరు దిద్దుకోండి.”

“మా తప్పు కాదు మేడమ్. క్లెయిము కాగితమే స్కాన్ చేసి ఉంది, ఇదిగో నా ఎదురుగానే. పళ్ల బొమ్మలో ఆ రెండింటి మీదా ఇంటూ మార్కులు కొట్టారు. మీ ఆఫీసు నుంచే వచ్చింది. పక్కన టైపు చేసినవాళ్ల పొడి అక్షరాలున్నాయి. ఏ, పీ.”

ఆ అక్షరాలు ఆర్లీన్‌వే.

“మేడమ్? ఉన్నారా?”

“ఉన్నాను.”

“పాత క్లెయిము తప్పని, ఆ తప్పు ఎవరి వల్ల జరిగిందో రాసి సంతకం పెట్టి పంపండి. మా పరిశీలకులు చూసి రికార్డు మారుస్తారు. శుక్రవారం లోపు కావాలంటే ఫ్యాక్స్ చేయండి. నేను పైన చెప్పి ఉంచుతాను.”

ఫోన్ పెట్టేసి ఆర్లీన్ కిందకి, సెల్లారులోకి వెళ్లింది. కంప్యూటర్లు రాకముందు కాగితాలన్నీ అక్కడే ఉన్నాయి. వాటిని పారేస్తామంటే ఆమే అడ్డుపడింది. కింద ఇప్పటికీ లవంగ నూనె వాసన పోలేదు. కె అక్షరం సొరుగు లాగితే మైలో ఫైలు చేతికి తగిలింది. లోపల, అప్పట్లో ఈ ఆఫీసు నడిపిన డాక్టర్ ల్యాంబర్ట్ హంపల్ చేతిరాత, చీమలు పాకినట్టు. చేయాల్సిన పని ఎర్ర పెన్సిలుతో, చేసేసిన పని నీలం పెన్సిలుతో గీసేవాడాయన. ఆరో పంటి దగ్గర, పదకొండో పంటి దగ్గర నీలం రంగు వేళ్లు శుభ్రంగా దిద్ది ఉన్నాయి. ఆ పక్కనే ‘ఉంచాం’ అని ఒక్క ముక్క రాసి ఉంది.

ఆమె ఫైలు ఒళ్లో పెట్టుకుని మెట్టు మీద కూర్చుంది.

ఎంత బాగుండేవి ఆ రోజులు! బాగుండేవి అంటే, ఏమంత సుఖపడి కాదు. ఊరంతా అప్పుల్లో ఉండేది, పొలాలు వేలానికి వచ్చేవి, ఫ్యాక్టరీలో సగం మందికి పని లేదు. అయినా హంపల్ ఆఫీసు మాత్రం పొద్దున్నుంచీ కళకళలాడేది. ఆయన ఇంతెత్తు మనిషి, చేతులు చూస్తే కమ్మరి చేతుల్లా ఉండేవి, నోట్లో పెడితే మాత్రం పెట్టినట్టే తెలిసేది కాదు. పని చేస్తూ తాతల నాటి చెక్ భాషలో కూనిరాగాలు తీసేవాడు. ఆమె ఇవతల గదిలో టైపు మిషను మీద మూడు కార్బన్ కాపీలు పెట్టి టకటకలాడించేది. తప్పు పడితే మూడు కాపీలూ దిద్దాలి. పదింటికి ఆయన కాఫీ కప్పుతో వచ్చి, ఆమె బల్ల అంచున కూర్చుని “ఏమిటమ్మాయ్, ఇవాళ ఎవరు మనకి డబ్బు ఎగ్గొట్టారు?” అనేవాడు. ఎవరూ లేరంటే “అయ్యో, మరి రోజెలా గడుస్తుంది?” అనేవాడు.

ఆయన ఆమెకి నేర్పిన పాఠం ఒకటే. చేరిన మొదటి రోజునే చెప్పాడు. “నోట్లో ఏముందో అదే కాగితం మీద ఉండాలి. డబ్బు వచ్చినా రాకపోయినా సరే. రేపు ఇంకో డాక్టరు ఈ కాగితం చూసి ఈ నోట్లో కత్తి పెడతాడు.” ఆమె తలూపింది. పదిహేనేళ్లు ఆ మాట జవదాటలేదు. తర్వాత ఒక్కసారి దాటింది.

ఎనభై తొమ్మిది ఫిబ్రవరి. ధాన్యం బండి కొక్కెం ఎగిరి తగిలి మైలో ముందు పళ్లు రాలిపోయాయి, కోరపళ్లు రెండూ చిగురు దగ్గర విరిగాయి. ఏ డాక్టరైనా పీకేసేవాడు. హంపల్ పీకలేదు. రెండు శనివారాలు పొద్దున్నుంచి చీకటి పడేదాకా కూర్చుని ఆ వేళ్లు నిలబెట్టాడు. ఆ పనికి బిల్లే వేయలేదు. కానీ సెట్టు చేసే ల్యాబుకి డబ్బు కట్టాలిగా. మైలో ప్లానువాళ్లేమో, పళ్లు పీకిన చోట పెట్టే సెట్టుకైతే ఇస్తాం, వేళ్లుంచి పెట్టేదానికి ఇవ్వం అన్నారు. అప్పటి నియమం అది. వేళ్లు పీకేసి వచ్చి అడగండి అన్నట్టే కదా!

ఆ రోజు మైలో ముందు గదిలో కూర్చున్నాడు. మూతి ఇంత లావున వాచి ఉంది. ఒళ్లో ట్రంపెట్ పెట్టె. ఇంట్లో ఇద్దరు పిల్లలు, సగం జీతం. ఆ పెట్టె ఆమె వైపు కొంచెం జరిపి, ముద్దముద్దగా “దీనికెంతొస్తుందంటావు, ఆర్లీన్?” అని అడిగాడు.

ఆమె మిషను వైపు తిరిగింది. మిషనులో కాగితం ఎక్కించింది. పళ్ల బొమ్మలో పోయిన ముందు పళ్ల మీద ఇంటూ మార్కులు కొట్టింది, అవి నిజం. చెయ్యి ఆగకుండా ఆరో నంబరు మీద ఒకటి, పదకొండో నంబరు మీద ఒకటి కొట్టేసింది. మామూలు సెట్టు కోడు వేసింది. శుక్రవారం సంతకాల కట్టలో మధ్యన ఆ కాగితం దూర్చింది. డాక్టరు ఎప్పటిలాగే కట్టంతా గబగబా సంతకాలు పెట్టి ఇచ్చేశాడు. నెల తిరక్కుండా డబ్బొచ్చింది. ట్రంపెట్ పెట్టె ఇంటికి వెళ్లింది.

ఆయనతో చెప్పలేదు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూనే ఏళ్లు గడిచిపోయాయి. ఆ సెట్టు కూడా ఊరికే పాడైపోలేదు, మూడుసార్లు లోపలి పూత మార్చి నెట్టుకొచ్చారు. పూత మార్చే కోడుకి పంటి నంబర్లతో పని లేదు కాబట్టి ఎవరూ అడగలేదు. రెండు వేల తొమ్మిదిలో హంపల్ పోయాడు. కొరియా యుద్ధంలో సైనికుల పళ్లు చూసినవాడు కాబట్టి ఆయన సమాధి దగ్గర ఆఖరి పాట ఊదారు. ఊదింది మైలోనే, ఆ వేళ్ల మీద నిలబడ్డ సెట్టుతోనే. ఆ పాట వింటూ ఆర్లీన్ ఏడిస్తే, డాక్టరుగారి కోసం ఏడుస్తోందని అందరూ అనుకున్నారు. ఆయన కోసమే, కానీ దానిలో ఇది కూడా ఉంది.

ఫైలు చంకలో పెట్టుకుని పైకి వచ్చింది. డాక్టర్ బ్రాంట్ చేతులు కడుక్కుంటోంది. ముప్ఫై నాలుగేళ్ల పిల్ల, పని బాగా వచ్చు, మాట తక్కువ. ఆరేళ్ల క్రితం అప్పు చేసి ఈ ఆఫీసు కొనుక్కుంది.

“దొరికిందండీ” అంది ఆర్లీన్. “ఇక్కడ పాత ఫైల్లో వేళ్లు ఉంచినట్టే ఉంది. క్లెయిములోనే తప్పు పడింది. ఎవరి వల్ల తప్పు జరిగిందో రాసి పంపాలట.”

డాక్టర్ బ్రాంట్ తువ్వాలుతో చేతులు తుడుచుకుంది. “అంతేనా? అయితే తేలికే. అప్పటి డాక్టరు పొరపాటున పళ్లు లేవని గుర్తు పెట్టారని రాయండి. సంతకం ఆయనదేగా. పోయినాయన్ని ఎవరూ అడగరు, మన మీదకీ రాదు. మధ్యాహ్నానికల్లా పంపేయండి.”

“ఆయన పొరపాటు అనా?”

“ఆయనకిప్పుడు పోయేదేముంది ఆర్లీన్‌గారూ? మైలోగారి పళ్లు దక్కుతాయి. అది చూడండి.”

ఆమె అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు. నిజంగానే పోయేదేమీ లేదు. ఆర్లీన్ వెళ్లి కూర్చుని టైపు చేసింది. ‘అప్పటి దంతవైద్యులు డాక్టర్ ఎల్. హంపల్ పొరపాటున ఆరు, పదకొండు నంబర్ల పళ్లు లేనట్టుగా నమోదు చేశారు.’ అచ్చంగా ఆఫీసు ఉత్తరంలా ఎంత చక్కగా వచ్చిందో! కంపెనీ వాళ్లు ఇలాంటివి రోజుకి వంద చూస్తారు, చూసి ముద్ర కొట్టి పక్కన పడేస్తారు. ప్రింటు తీసింది. ఫ్యాక్స్ మిషను దగ్గరికి వెళ్లింది. నంబరు నొక్కడం మొదలుపెట్టి సగంలో ఆపేసింది.

హంపల్ పొరపాటున నమోదు చేశారు! నలభై ఏళ్లలో ఆ మనిషి ఒక్క పంటిని తప్పు గీసి ఎరుగడు. అనుమానం వస్తే మనిషిని ఇంటి నుంచి మళ్లీ పిలిపించి, నోరు తెరిపించి చూసి, అప్పుడు నీలం పెన్సిలు పట్టేవాడు. అలాంటివాడి పేరు పక్కన ‘పొరపాటున’ అని తనే రాసింది. పైగా ఆ పొరపాటు తనది. ఛీ, ఇదేం బుద్ధి, మనిషి లేడు కదా అని మీద పడేయడమేనా అని తనని తనే తిట్టుకుంది. కాగితం నాలుగు ముక్కలు చేసి చెత్తబుట్టలో వేసింది.

మళ్లీ కూర్చుంది. క్లెయిము కాగితంలో వివరణ రాయడానికి నాలుగు గీతల చోటుంటుంది. ఊళ్లో అందరి నొప్పుల గురించీ ఆ నాలుగు గీతల్లో ఇమిడ్చి రాయడం ఆమెకి వెన్నతో పెట్టిన విద్య. ఈసారి మాత్రం గంట పట్టింది.

‘1989 నాటి క్లెయిములో ఆరు, పదకొండు నంబర్ల మీద ఇంటూ మార్కులు కొట్టింది నేను. ఆ పళ్ల వేళ్లు అప్పుడూ ఉన్నాయి, ఇప్పుడూ ఉన్నాయి. ఉన్నాయని తెలిసే కొట్టాను, వేళ్లుంచి పెట్టిన సెట్టుకి మీరు డబ్బివ్వనన్నారు కాబట్టి. డాక్టర్ హంపల్‌కి దీంతో ఏ సంబంధమూ లేదు, ఆయన గీసిన పటం జతచేస్తున్నాను. అప్పుడిచ్చిన డబ్బు తిరిగి కావాలంటే నా దగ్గర వసూలు చేసుకోండి. మిస్టర్ కోవార్ వేళ్లు మాత్రం పీకనివ్వకండి.’

డాక్టర్ బ్రాంట్ చదివింది. కాగితం తిరిగి బల్ల మీద పెట్టేసింది.

“ఇది పంపితే వాళ్లు మన పాత ఫైళ్లన్నీ తవ్వుతారు ఆర్లీన్‌గారూ. నేను బ్యాంకుకి ఇంకా తొమ్మిదేళ్లు కట్టాలి.”

“తవ్వనివ్వండి. ఇంకోటి దొరకదు.”

“అంత గట్టిగా ఎలా చెబుతారు?”

“ఒక్కటే చేశాను కాబట్టి. ఇరవై ఏడేళ్లుగా మోస్తున్నదాన్ని, ఎన్నున్నాయో నాకు తెలీదా?”

డాక్టరమ్మ కాగితం మళ్లీ ఒకసారి చదివింది. తర్వాత జేబులోంచి పెన్ను తీసి, ఇప్పుడు ఆ వేళ్లని తన కళ్లతో చూశానని కింద ఒక వాక్యం రాసి, తనూ సంతకం పెట్టింది. “మీరు రిటైరైతే నేనేం చేయాలో నాకు తెలియడం లేదు” అని విసుక్కుంటూ లోపలికి వెళ్లింది.

బుధవారం జవాబు రాలేదు. గురువారం పొద్దున్నా రాలేదు. ఆర్లీన్ కాలు కాలిన పిల్లిలా ఫ్యాక్స్ మిషను చుట్టూ తిరిగింది. మధ్యాహ్నం భోజనం కూడా అక్కడే నిలబడి తింది. మూడున్నరకి రోషెల్ ఫోన్ చేసింది.

“మేడమ్, రికార్డు మార్చారు. ఆరు, పదకొండు రెండూ ఉన్నట్టే. వేళ్లకీ, టోపీలకీ, సెట్టుకీ ప్లాను ప్రకారం ఇస్తారు. పాత డబ్బు అడగడం లేదు. కాగితం మీకు ఫ్యాక్స్‌లో వస్తుంది. పేషెంటుకి కూడా ఇప్పుడే ఒక కాపీ పంపేశాం.”

“చల్లగా ఉండమ్మా” అంది ఆర్లీన్. ఫోన్ పెట్టాక కుర్చీలో కూర్చుని, వేళ్లు దక్కాయి, వేళ్లు దక్కాయి అని రెండుసార్లు పైకే అనుకుంది. పేషెంటుకి కూడా కాపీ అన్న మాట ఆ సంతోషంలో చెవిన పడి కూడా పడలేదు. ప్రతి నిర్ణయానికీ ఒక కాపీ రోగికి వెళుతుందని ఊరందరికీ చెప్పే మనిషి ఆమే.

శుక్రవారం తొమ్మిదికి పది నిమిషాలుండగానే మైలో వచ్చాడు. చేతిలో మడత పెట్టిన కాగితం. కూతురు కంప్యూటర్లో చూసి తీసిచ్చిందట. ఎప్పటిలా వేళాకోళమాడలేదు. కిటికీ దగ్గర నిలబడి కాగితం విప్పి బల్ల మీద పెట్టాడు.

“ఇదేంటి ఆర్లీన్? ‘ఏ. పెచినోవ్‌స్కీ ఒప్పుకోలు ప్రకారం’ అని రాశారు. నువ్వేం ఒప్పుకున్నావు?”

దాచడానికి ఇంకేం మిగిలింది కనక. చెప్పేసింది. ఇంటూ మార్కుల గురించి, కట్ట మధ్యన దూర్చిన కాగితం గురించి, అన్నీ. చెబుతున్నంతసేపూ పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉంది.

మైలో తల మీది టోపీ తీసి నెత్తి గోక్కున్నాడు. “అదా సంగతి” అన్నాడు నెమ్మదిగా. “అదన్నమాట ఆ ముసలాయన అన్నది. నాకప్పుడు ఒక్క ముక్క అర్థం కాలేదు.”

“ఏ ముసలాయన?”

“హంపల్. ఆ ఏడాది క్రిస్మస్‌కి ఆయనింటికి బాతునొకటి పట్టుకెళ్లాను, నా పళ్లు చవగ్గా చేశాడని. గుమ్మంలోనే ఆపేశాడు. ‘నాకెందుకురా ఇది, నేను వేళ్లు నిలబెట్టానంతే, వాటి మీద సెట్టు పెట్టించింది ముందు గదిలో అమ్మాయి’ అన్నాడు. అయితే ఆమెకే ఇస్తానన్నాను. గభాల్న నా చెయ్యి పట్టుకున్నాడు. ‘ఇవ్వకు. ఒక్క మాట కూడా అనకు’ అన్నాడు.”

ఆర్లీన్ చేతిలో పెన్ను ఆగిపోయింది. “ఆయనకి తెలుసా?”

“తెలిసినట్టేగా మరి. ఇవ్వనన్న కంపెనీ డబ్బెలా ఇచ్చిందని ఆయనకి అనుమానం రాదా?”

“తెలిసి ఇరవై ఏళ్లు నా బల్ల మీద కూర్చుని కాఫీ తాగాడా? ఒక్క మాట అనలేదే! అనకూడదా ఏం, నన్ను తిట్టకూడదా?”

“నేనూ అడిగాను ఎందుకు అనకూడదని. ‘నాకు తెలుసని తెలిస్తే ఆ పిల్ల సోమవారానికల్లా రాజీనామా రాసి తెస్తుంది, ఆ పిల్ల లేకపోతే నేనేమైపోవాలి’ అన్నాడు.”

ఆర్లీన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నిజమే, తెచ్చి ఉండేది. సోమవారం దాకా కూడా ఆగేది కాదు. కన్నీళ్లు వాటంతటవే కారిపోతుంటే తుడుచుకోలేదు. మైలో ఏం చేయాలో తోచక కిటికీ అంచు మీద వేళ్లతో తాళం వేస్తూ నిలబడ్డాడు. లోపల్నుంచి డాక్టర్ బ్రాంట్ కేకేసింది, మైలోగారిని పంపించండి, అంతా సిద్ధంగా ఉంది అని.

“వెళ్లు వెళ్లు, పిలుస్తున్నారు” అంది ఆర్లీన్.

అతను లోపలికి వెళ్లాక గదిలో ఆమె ఒక్కర్తే మిగిలింది. ఆ ఇరవై ఏళ్లూ ఆయన కాఫీ కప్పుతో వచ్చి కూర్చుంటే తను తలెత్తకుండా టైపు చేస్తూనే జవాబులు చెప్పింది, తప్పు చేసిన ముఖం ఆయన చూడకూడదని. ఆయన ఎప్పుడో క్షమించేసి, ఆ సంగతి తనకి తెలియకుండా జాగ్రత్తపడుతూ ఎదురుగా కూర్చున్నాడు. ఇప్పుడు ఒక్కసారి ఆయన కళ్లలోకి నేరుగా చూడాలనుంది. చూద్దామంటే మనిషి లేడు.